కథ కడదాం – 5వ పాఠం: గడప దగ్గర ఎవరుంటారు?

పోయిన పాఠంలో సుభాషిణిని వసారాలోనే వదిలేశాం. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ పాఠాల కోసం మనం కడుతున్న కథలో సుభాషిణికి ఇరవై రెండేళ్లు. ఊరు ఫిరంగిపురం దగ్గర ఒక పల్లె. ఏటా మిర్చి కోతలయ్యాక సరుకు గుంటూరు యార్డుకు తోలేది వాళ్ల నాన్న. ఈ ఏడు ఆయనకు పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. కళ్లంలో ఎండిన కాయంతా టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, ఎత్తి వసారాలో పేర్చి ఉంది. అప్పు గడువు దగ్గర పడుతోంది. ఆమె రోజువారీ లోకం ఎలా ఉంటుందో, అందులో ఆమెకున్న లోటేమిటో మీరు రాసేశారు. ఇప్పుడు ఆమెను గడప దాటించాలి.

ఇక్కడికొచ్చేసరికి చాలామంది పాత్రల జాబితా వేసుకుంటారు. వీరుడు, గురువు, ప్రతినాయకుడు, స్నేహితుడు, నవ్వించేవాడు. ఒక్కొక్కరికి ఒక పేరు పెట్టి దించేస్తారు. గురువు అనగానే తెల్లగడ్డం తాతయ్య వచ్చి రచ్చబండ మీద కూర్చుంటాడు. ఆయన నీతులు చెప్పినంతసేపూ కథ కదలదు. స్నేహితుడు జోకులేస్తాడు. ఎవరి డ్యూటీ వాళ్లు చేసి వెళ్లిపోతారు, చదివేవాడికి ఆవలింతలు మిగుల్తాయి.

ఈ తిప్పలకు మందు రష్యాలో 1928లోనే దొరికింది. వ్లదీమిర్ ప్రోప్ అనే పరిశోధకుడు వంద రష్యన్ అద్భుత కథలు ముందేసుకున్నాడు. పాత్రల పేర్లూ వేషాలూ పక్కనబెట్టి, వాళ్లు కథలో చేసే పనులు మాత్రమే లెక్కగట్టాడు. మొత్తం 31 పనులు తేలాయి. ఆ పనులు ఏడు రకాల పాత్రల చుట్టూ చేరాయి: ప్రతినాయకుడు, వస్తువో శక్తో ఇచ్చే దాత, సహాయకుడు, రాజకుమారి (ఆమె తండ్రి కూడా ఇందులోకే వస్తాడు), వీరుణ్ణి పంపించేవాడు, వీరుడు, దొంగ వీరుడు (వీరుణ్ణి నేనేనని అబద్ధమాడేవాడు). ఒకే మనిషి రెండు పనులు మోయవచ్చు, ఒకే పనిని ఇద్దరు ముగ్గురు పంచుకోవచ్చు అని కూడా ఆయనే చెప్పాడు. మన ఈ పాఠమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. గురువు, కాపలాదారు, కబురు తెచ్చేవాడు అనేవి కథలో పనులు. ఆ పని చేతికొచ్చిన నిమిషానికి ఎవరున్నారో వాళ్లే ఆ పాత్ర.

మిగతా పెద్దల సంగతి త్వరగా చెప్పేస్తాను. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ ఇలాంటి పాత్రల మూలరూపాలు (ఆర్కిటైప్‌లు) మనుషులందరి మనసు అడుగున ఉమ్మడిగా ఉంటాయన్నాడు. అది నిజమో కాదో తేల్చడం కథకుడి పని కాదు. అమెరికావాడు జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో వీరుడి ప్రయాణాన్ని 17 మజిలీలుగా, మూడు భాగాలుగా చెప్పాడు: బయల్దేరడం, పరీక్షలు, తిరిగి రావడం. ఆ మూడు భాగాల వరస అంతకుముందే ఉంది. ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లో పుట్టుక, పెళ్లి, చావు లాంటి తంతుల గురించి రాస్తూ విడిపోవడం, నడిమి దశ, మళ్లీ కలవడం అని చెప్పినదాని మీదే క్యాంప్‌బెల్ కట్టుకున్నాడు. ఆ తర్వాత హాలీవుడ్‌లో క్రిస్టఫర్ వోగ్లర్ దాన్ని 12 మెట్లకు కుదించాడు. సినిమా స్కూళ్లలో ఇప్పుడు తిరిగేది ఎక్కువగా ఆ 12 మెట్ల లెక్కే.

తంతులని ఊరికే అనలేదు. మన పెళ్లిళ్లలో కొత్త దంపతులు ఇంటికొచ్చినప్పుడు ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. ఒకరి పేరు ఒకరు చెప్తే గానీ లోపలికి రానివ్వదు. పెళ్లికూతురు సిగ్గుపడుతుంది, వెనకాల జనం గోల చేస్తారు, చివరికి పేరు బయటికొస్తుంది, దారి వదుల్తారు. వోగ్లర్ చెప్పే గడప కాపలాదారు ఈ ఆడపడుచే. ఆమె శత్రువు కాదు. లోపలికి వచ్చేవాళ్లు మారి వస్తున్నారా లేదా అని చూడటమే ఆమె పని. ఆ పని అయిపోగానే హారతి పళ్లెం ఆమె చేతిలోనే ఉంటుంది.

ఇక అసలు పాఠానికి వద్దాం. దీనికి పల్నాటి కథకు మించిన పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు. 12వ శతాబ్దపు యుద్ధం, మొన్నమొన్నటి దాకా మన గుంటూరు జిల్లాలోనే ఉన్న కారంపూడి. వీరవిద్యావంతులు, అంటే ఈ వీరగాథ పాడే గాయకులు, పాడగా పాడగా నిలిచిన కథ కాబట్టి కథనాలు కొంచెం కొంచెం మారుతుంటాయి. ప్రచారంలో ఉన్న కథనే తీసుకుంటున్నాను, అందులోనూ బాలచంద్రుడు ఇల్లు విడిచే ఘట్టం ఒక్కటే.

బాలచంద్రుడు బ్రహ్మనాయుడి కొడుకు. పెద్దలంతా కారంపూడి కదనరంగంలో ఉన్నారు. తల్లి ఐతమ్మ ఆ సంగతి కొడుకు చెవిన పడనివ్వలేదు. అతను తమ్ముళ్లుగా చూసుకునే స్నేహితులతో బొంగరాలాడుతున్నాడు. ఒక బొంగరం గురి తప్పి దారిన పోయే స్త్రీ కాలికి తగిలింది. ఆమె నొప్పి పట్టలేక తిట్టింది. మీ వాళ్లంతా అక్కడ యుద్ధంలో ఉంటే నువ్విక్కడ బొంగరాలాడుకుంటున్నావా అని.

ఇక్కడ ఆగి చూడండి. తల్లి అన్నాళ్లు దాచిన కబురు ఒక్క తిట్టులో బయటపడింది. ఆ స్త్రీని ఎవరూ పంపలేదు. ఆమెకు బాలచంద్రుణ్ణి వీరుణ్ణి చేయాలన్న ఆలోచన లేదు. ఆమెకున్నదల్లా కాలినొప్పి. కబురు తెచ్చే పాత్రలు చాలా కథల్లో తేలిపోయేది ఇక్కడే. వాళ్లు కబురు చెప్పడానికే పుట్టినట్టు వస్తారు. పల్నాటి కథకులు మాత్రం ఆమెకు తన సొంత కోపం ఇచ్చారు, కబురు ఆ కోపంతో పాటు జారింది. పని అయిపోయింది, ఆమె దారిన ఆమె వెళ్లిపోయింది. కథలో మళ్లీ అవసరం లేదు. ఆమెను వెనక్కి తీసుకురావాలనే ఉబలాటం మనకు కలుగుతుంది గానీ, తీసుకురాకండి.

తర్వాత గడప కాపలా. ఐతమ్మ తలుపు వేయలేదు, కాళ్ల మీద పడలేదు. వెళ్లేముందు మాంచాలను చూసి వెళ్లమంది. మాంచాల అతని భార్య. పెళ్లయినా అతను ఆమె గడప తొక్కింది లేదు, వెలయాలి ఇంట్లోనే కాలం గడిపాడు. అందగత్తె అయిన భార్యను చూస్తే కాలు కదలదని తల్లి లెక్క. ఎంత మంచి లెక్క! తల్లి ప్రేమ, కోడలి మీద జాలి, కొడుకు స్వభావం మీద అంచనా, మూడూ అందులో ఉన్నాయి. కాపలాదారు తెలివైనవాడైతేనే గడప దాటినవాడికి విలువ.

మాంచాల ఆ లెక్క తప్పించింది. ఇన్నాళ్లకు ఇంటికొచ్చిన మొగుణ్ణి ఆపుకోకుండా, తిలకం దిద్ది యుద్ధానికి పంపింది. ఆపమని కాపలా పెట్టిన మనిషే తలుపు తీసింది. జాబితా వేసుకుని రాసేవాడికి ఈ మలుపు తట్టదు. అతని కాగితం మీద మాంచాల పేరు పక్కన ‘భార్య, అడ్డు’ అని ఉంటుంది, చివరి దాకా ఆమె అడ్డుగానే ఉండిపోతుంది. పనిని చూసేవాడు మాత్రం ఐతమ్మ ఆమెకు అప్పగించిందేమిటి, ఆమె చేసిందేమిటి అని రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాయే ఆ ఘట్టం. ఇంకోటి. దారి చూపినందుకు మాంచాలకు ఖర్చయింది. భర్త దొరికిన రోజే భర్తను పోగొట్టుకుంది. ఏమీ పోగొట్టుకోని గురువు మాట పాఠకుడికి ఎక్కదు.

అనపోతు సంగతి ఇంకా కష్టమైంది. అనపోతు బాలచంద్రుడి స్నేహితుడు, బ్రాహ్మణుడు. అతను తన వెంట వచ్చి యుద్ధంలో చనిపోతే ఆ పాపం తనకు చుట్టుకుంటుందని, మరిచిపోయిన వస్తువు తెమ్మని బాలచంద్రుడు అతన్ని వెనక్కి పంపి, తను ముందుకు వెళ్లిపోయాడు. మోసం తెలిసిన అనపోతు అక్కడే ప్రాణం తీసుకున్నాడు. అంతసేపూ గడప దాటడానికి తంటాలు పడ్డ బాలచంద్రుడు, దాటగానే ఇంకొకడి గడపకు తానే కాపలా అయ్యాడు. అదీ అబద్ధంతో. వీరుడికి ఈ పని ఇవ్వడానికి ధైర్యం కావాలి. ఈ ఒక్క సంఘటన తీసేస్తే బాలచంద్రుడు పటంలో బొమ్మగా మిగిలిపోతాడని నా అభిప్రాయం.

ఇప్పుడు వసారాలోకి వెళ్దాం. సుభాషిణికి కబురు ఎవరు తెస్తారు? బ్యాంకు నోటీసు అని రాయకండి, అది అరిగిపోయింది. బొంగరం తగిలిన స్త్రీలా తన గొడవ తనకున్న మనిషి కావాలి. నేనైతే బండి డ్రైవర్‌ను తీసుకుంటాను:

రాత్రి ఎనిమిదింటికి ఫోన్ మోగింది. “పాపా, మీ పక్కింటోళ్ల టిక్కీలు ఎత్తంగా ఇంకా బండిలో చోటుంది. మీయ్యి కూడా వేస్తారా? పన్నెండింటికి బయల్దేరతన్నా. సగం బండితో పోతే నాకు డీజిల్ ఖర్చులు కూడా రావు. మళ్లీ సోమారం దాకా నేను రాను.”

అతనికి కావలసింది కిరాయి. సుభాషిణికి దొరికింది నాలుగు గంటల గడువు. గడువు లేని పిలుపుకు నాయిక రేపు చూద్దాంలే అంటుంది, పాఠకుడూ అదే అంటాడు.

కాపలాకు పెదనాన్నను పెడదాం. అరవకూడదు, విలన్ నవ్వు నవ్వకూడదు. “నువ్వెందుకమ్మా ఆ ఘాటులో. నేను పోతన్నాగా, మీయ్యి కూడా అమ్మిపెడతా. ఎంతొస్తే అంత తెచ్చి మీ నాన్న చేతిలో పెడతా.” మాట మంచిదే, మనిషీ మంచివాడే. కాకపోతే ఆయన బాకీ కూడా అదే కమిషన్ దుకాణంలో ఉంది. తమ్ముడి సరుకు చూపించి తన బాకీకి వాయిదా అడగాలనుకున్నాడు. సుభాషిణి వెళ్తే ఆ ఖాతా పుస్తకం ఆమె కంట పడుతుంది. ఇది పాఠకుడికి ఇప్పుడే చెప్పక్కర్లేదు, మీకు తెలిసి ఉంటే చాలు. ఆయన మాటల్లో అదే వినబడుతుంది.

గురువు పని నాన్నకు ఇస్తాను. నోరు పడిపోయింది కాబట్టి ఉపన్యాసం ఇవ్వలేడు, మనకు అదే లాభం:

నాన్న ఎడం చేత్తో మంచం కోడు మీద కొట్టాడు. దగ్గరికెళ్తే టిక్కీ వైపు చూపించాడు. ఒక కాయ తీసి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఆమె చెవి దగ్గర ఊపాడు. లోపల గింజలు గలగలమన్నాయి. ఇంకో టిక్కీ వైపు చూపించాడు. ఆ కాయ ఊపితే చప్పుడు రాలేదు. ఆ టిక్కీ పక్కన పెట్టమని చేత్తో సైగ చేశాడు.

యార్డులో కాయ మెత్తగా ఉంది, తేమ ఉంది అనగానే ధర కిందికి దిగుతుంది. రేపు కొనేవాడు ఆమె బస్తా కోసి, కాయ పిడికిట్లో నలిపి పెదవి విరిచినప్పుడు, ఆమె ఏం చేయాలో ఇక్కడే దొరికింది. గురువు ఇచ్చే వరం మాయకత్తి కానక్కర్లేదు, చెవి దగ్గర ఊపిన కాయ చాలు. అది రేపు ఎక్కడ పనికొస్తుందో రాసేవాడికి ముందే తెలిసి ఉండాలి.

ఇక దాటించేయండి. బండి యార్డు గేటు లోపలికి తిరగడం, చీకట్లోనే హమాలీల కేకలు, ముక్కుకు కట్టుకున్న చున్నీలోంచి కూడా ఘాటు తగిలి ఆగని దగ్గు. ఆ దగ్గును ఎవరో చూసి “కొత్తా?” అని అడిగితే ఒక్క మాటలో ఆమె పరాయి లోకంలో ఉన్నట్టు తెలిసిపోతుంది. ఇంతకు మించి వర్ణన వద్దు.

మెట్ల గురించి ఒక హెచ్చరిక. 12 గళ్లు గీసుకుని దరఖాస్తు నింపినట్టు నింపితే అన్ని కథలూ ఒకే ముఖంతో వస్తాయి. క్యాంప్‌బెల్ చెప్పిన వరస మగవాడి కథకే సరిపోతుందని మౌరీన్ మర్డాక్ 1990లో నాయిక ప్రయాణాన్ని వేరే వరసలో రాసింది. మన సినిమాకైతే ఇంటర్వెల్ అనే ఇంకో దేవుడున్నాడు. హీరో అసలు గడపను అక్కడ దాటించాలని దర్శకులు పట్టుబడతారు, దాంతో మొదటి గంటంతా పాటలూ ఫైట్లూ వసారాలోనే జరుగుతాయి. మీరు రాసేది కథ కాబట్టి మీకు ఆ బెడద లేదు, మొదటి పేజీలోనే దాటించినా అడిగేవాడు లేడు.

అభ్యాసం. సుభాషిణి కథే తీసుకున్నా సరే, మీ సొంత కథైనా సరే. ఇల్లు విడిచే ఘట్టం ఒక పేజీ మించకుండా రాయండి. కబురు తెచ్చేవాడికి కబురుతో సంబంధం లేని సొంత గొడవ ఉండాలి. అడ్డుపడే మనిషి ప్రేమతోనే అడ్డుపడాలి, కానీ ఆ ప్రేమ అడుగున ఇంకో లెక్క ఉండాలి. అందరూ అడ్డమనుకున్న మనిషి ఒకరు తలుపు తీయాలి. రాశాక పాత్రల పేర్లన్నీ కొట్టేసి, ఎవరు ఏ పని చేశారో పక్కన రాయండి. ఎక్కడైనా ఒక మనిషికి పేజీ అంతా ఒకే పని ఉంటే, ఆ మనిషికి ఇంకో పని వెతకండి.

వచ్చే పాఠం తిరుగు ప్రయాణం. చిక్కేమిటంటే బాలచంద్రుడు తిరిగి రాడు. బ్రహ్మనాయుడు రాజ్యం శత్రుపక్షం రాజైన నలగామరాజుకే అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు. మరి ఈ కథలో ఇంటికి తిరిగొచ్చేది ఎవరు? కారంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో అయిదు రోజులకూ పేర్లున్నాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఇందులో కథ మొదలెక్కడో, చివరెక్కడో మీకు తోచినట్టు గుర్తుపెట్టుకుని రండి, అక్కడినుంచే మొదలుపెడదాం.