పాత డబ్బాలతో స్పేస్‌షిప్ చేస్తున్నారా, రంగు వేసే ముందు ఇది చూడండి

షాంపూ డబ్బా, పెన్ను మూతలు, పాడైపోయిన రిమోట్ బటన్లు, ఏది దొరికితే అది కలిపి స్పేస్‌షిప్ చేస్తుంటే ముందు డబ్బా అడుగున త్రిభుజంలో ఉండే, ప్లాస్టిక్ రకం చెప్పే నంబర్ చూడండి, 2 గానీ 5 గానీ ఉంటే దానికి సూపర్ గ్లూ సరిగ్గా పట్టదు, గోరుతో గీకితే ఊడొచ్చేస్తుంది, అందుకని అతికించే చోట గరుకు కాగితంతో బాగా రుద్ది చిన్న బెజ్జం పెట్టి సన్న తీగతో కట్టేసి ఆ పైన గ్లూ గన్ వాడండి, అప్పుడు గట్టిగా నిలబడుతుంది.

థర్మోకోల్ ముక్క ఉంటే దాని మీద డైరెక్ట్‌గా స్ప్రే పెయింట్ అస్సలు కొట్టొద్దు, అందులోని సాల్వెంట్‌కి కరిగి గుంటలు పడిపోతుంది. ముందు తెల్ల జిగురు రెండు పూతలు వేసి ఆరనివ్వండి.

అసలు మజా అంతా బూడిద రంగు ప్రైమర్‌లో, అంటే అసలు రంగుకి ముందు వేసే అడుగు పూతలో ఉందండీ! మొత్తానికి ఒకటే పూత పడగానే మూత మూతలా కనిపించదు, ఇంజన్ అయిపోతుంది, బటన్ల వరసేమో కిటికీలైపోతాయి. తర్వాత పెన్సిల్‌తో రేకుల అతుకుల్లా కనిపించే సన్నటి ప్యానెల్ గీతలు గీసి, నీళ్లలా పల్చగా కలిపిన నల్ల రంగు సందుల్లోకి పోనిచ్చి పైపైన గుడ్డతో తుడిచేయండి, చిన్న చిన్న వివరాలన్నీ పైకి తేలతాయి.