వైల్డ్ బ్లూబెర్రీ పొద: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి చికిత్స

అమెరికాలోని మెయిన్, కెనడాలోని నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, క్వెబెక్ ప్రాంతాల ఇసుక, రాతి నేలల్లో తనంత తానుగా పెరిగే పొట్టి పొదను అక్కడివారు వైల్డ్ బ్లూబెర్రీ అనీ, లోబుష్ బ్లూబెర్రీ అనీ పిలుస్తారు. దీని శాస్త్రీయ నామం వాక్సీనియం అంగుస్టిఫోలియం. ఇది జానెడు నుంచి రెండడుగుల లోపు ఎత్తు పెరిగి, నేల అడుగున పాకే కాండాల ద్వారా నాలుగు వైపులా విస్తరిస్తుంది. ఈశాన్య అమెరికాలోను, తూర్పు కెనడాలోను స్థిరపడిన మనవాళ్లు నర్సరీ నుంచి ఈ మొక్కను తెచ్చి, పెరట్లో వంగకూ టమాటాకూ చేసే ఉపచారాలనే దీనికీ చేస్తుంటారు. నా ఉద్దేశంలో సగం ఇబ్బందులకు మూలం అదే. కూరగాయ మొక్కలకు మేలు చేసే పశువుల ఎరువు, కోడిగుడ్డు పెంకులు, కట్టెల బూడిద దీనికి హాని చేస్తాయి. కాబట్టి ఏ లక్షణం కనిపించినా, మందు కొనడానికి ముందు నేల పీహెచ్ (నేల ఎంత ఆమ్లంగా ఉందో తెలిపే అంకె; అది తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) ఎంతో పరీక్ష చేయించండి.

లేత ఆకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నప్పుడు

కొమ్మ చివరి ఆకునొకదాన్ని తుంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడండి. నిమ్మపండు రంగు మీద సన్నని ఆకుపచ్చ గీతల అల్లిక స్పష్టంగా కనిపిస్తే అది ఇనుము లోపం. పసుపు ముందుగా కింది ముదురు ఆకుల్లో మొదలై, ఈనెలతో సహా ఆకంతా వెలిసినట్టు ఉంటే అది నత్రజని లోపం. ముదురు ఆకుల్లోనే నడి ఈనె పొడవునా పచ్చదనం మిగిలి, అంచులు పసుపుగానో ఎర్రగానో మారితే మెగ్నీషియం లోపమని భావించవచ్చు. ఈ మూడింటిలో తరచుగా ఎదురయ్యేది మొదటిదే.

ఇనుము లోపమన్నంత మాత్రాన నేలలో ఇనుము లేదని అర్థం కాదు. ఈ పొదకు 4.0 నుంచి 5.0 మధ్య పీహెచ్ ఉన్న ఆమ్ల నేల కావాలి. పీహెచ్ అంతకు మించి పెరిగేకొద్దీ ఇనుము కరగని రూపంలోకి మారి, వేళ్లకు అందకుండా పోతుంది. బ్లూబెర్రీకి ఆమ్ల నేల తప్పనిసరి అన్న సంగతిని ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1910 నాటికే ప్రయోగాలతో నిరూపించాడు. పైగా ఈ మొక్క వేళ్లకు నూగు ఉండదు. నేల పై పొరలో అల్లుకొనే సన్నని పీచువేళ్లు, వాటితో సహజీవనం చేసే శిలీంధ్రాల సాయంతోనే పోషకాలను తీసుకుంటాయి.

పీహెచ్ పెరగడానికి కారణం సాధారణంగా మన ఇంటి దగ్గరే ఉంటుంది. సిమెంటు పునాది గోడ పక్కన గానీ, కాంక్రీటు నడకదారి అంచున గానీ నాటిన మొక్కకు వానతో పాటు సున్నం కూడా అందుతుంది. పచ్చికకు చల్లిన సున్నం పొద మొదలు దాకా రావచ్చు. కఠిన జలం పడే బోరున్న ఇంట్లో, లేదా కొళాయి నీటిలో బైకార్బొనేట్లు (ఆమ్లత్వాన్ని తగ్గించే లవణాలు) ఎక్కువున్న ఊళ్లో, పోసిన ప్రతి బిందె నీరూ పీహెచ్‌ను కొద్దికొద్దిగా పైకి నెడుతుంది.

దీనికి నిలకడైన చికిత్స గంధకం. 100 చదరపు అడుగుల స్థలంలో పీహెచ్‌ను 5.5 నుంచి 4.5కు దించడానికి ఇసుక నేలకైతే సుమారు 0.8 పౌండ్లు, గరప నేలకైతే సుమారు 2.4 పౌండ్ల గంధకం పడుతుంది. మొక్క ఇప్పటికే నేలలో ఉంటే ఈ మోతాదును విడతలుగా విభజించి, వేళ్లు తెగకుండా పైపైన మాత్రమే కలపాలి. గంధకాన్ని ఆమ్లంగా మార్చేది నేలలోని బ్యాక్టీరియా గనుక, అవి చురుగ్గా ఉండే వెచ్చని కాలంలో కూడా ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. ఈలోగా చిలేటెడ్ ఇనుమును (మొక్క తీసుకోగలిగే కరిగే రూపంలో ఉన్న ఇనుమును) ఆకుల మీద పిచికారీ చేస్తే కొత్త చిగురు పచ్చబడుతుంది. అయితే ఇది తాత్కాలిక ఉపశమనమేనని గుర్తుంచుకోవాలి. వీలైతే వాన నీటిని పట్టి పోయండి. నత్రజని కోసం నైట్రేట్ ఎరువులకు బదులు అమ్మోనియం సల్ఫేట్‌ను స్వల్పంగా వాడండి. పీహెచ్ దించడానికి కొందరు వాడే అల్యూమినియం సల్ఫేట్ మాత్రం వద్దు, ఎందుకంటే అందులోని అల్యూమినియం ఈ వేళ్లకు విషంగా పరిణమించవచ్చు.

పుల్ల మజ్జిగ, చింతపండు రసం, వెనిగర్ నీళ్లు పోయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. వాటి పులుపు నేలలో ఎక్కువ కాలం నిలవదు. వాడేసిన కాఫీ పొడి అయితే దాదాపు తటస్థంగానే ఉంటుంది కాబట్టి, దాని వల్ల పీహెచ్ దిగుతుందని ఆశించకూడదు.

పొద ఏపుగా ఉన్నా పూత రానప్పుడు, పూసినా కాయ నిలవనప్పుడు

ముందుగా కత్తిరింపు గురించి ఆలోచించాలి. ఈ ఏడాది వేసవి చివర కొమ్మల కొసల్లో ఏర్పడే మొగ్గలే వచ్చే ఏడాది మే నెలలో పూస్తాయి. ఆకురాలు కాలంలో గానీ, శీతాకాలంలో గానీ పొద అందంగా కనపడాలని కొసలను సమంగా కత్తిరించేవారు, తెలియకుండానే వచ్చే పంటనంతా తీసి చెత్తబుట్టలో వేస్తున్నారు. అలాగని అసలు కత్తిరించకపోతే కొమ్మలు ముదిరి దిగుబడి పడిపోతుంది. మెయిన్ రైతులు రెండేళ్ల పద్ధతి పాటిస్తారు: మొక్క నిద్రావస్థలో ఉన్నప్పుడు పొదను నేల మట్టానికి కోస్తారు లేదా కాలుస్తారు. ఆ ఏడాదంతా కొత్త కొమ్మలు పెరుగుతాయి, మరుసటి ఏడాది పంట వస్తుంది. ఇంట్లో మంట పెట్టే పని లేదు. మడిని రెండు భాగాలు చేసి, ఏటా ఒక భాగాన్ని మాత్రమే మొదలంటా కోస్తే, రెండో భాగంలో కాయ ఉంటుంది.

పూత బాగా వచ్చి కాయ నిలవకపోతే పరాగసంపర్కాన్ని అనుమానించాలి. ఒక మొక్క పుప్పొడి అదే మొక్కకు సరిగా పనిచేయదు. విస్తరించిన పొద చూడడానికి పది మొక్కల్లా ఉన్నా, ఒకే వేరు నుంచి వచ్చినదైతే అది ఒక్క మొక్క కిందే లెక్క. వేరే మొక్క నుంచి వచ్చిన మరో నారును పక్కన నాటడమే దీనికి పరిష్కారం. పువ్వును పట్టుకొని ఝుమ్మని అదిరించి పుప్పొడిని రాల్చే బంబుల్ బీలు ఈ పని తేనెటీగల కంటే సమర్థంగా చేస్తాయి కాబట్టి, పూత కాలంలో పురుగుమందులు చల్లకండి. విచ్చిన పువ్వు మధ్య భాగం గోధుమ రంగుకో నలుపుకో తిరిగితే అది రాత్రి మంచు దెబ్బ. ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు పడుతుందని తెలిసిన సాయంత్రం పొద మీద పాత దుప్పటి కప్పాలి.

కుండీలో పెంచుతూ, చలికి పాపమని శీతాకాలంలో ఇంట్లోకి తెచ్చుకొన్న మొక్క కూడా పూయదు. దీనికి 7 డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటలు దొరకాలి. అయితే కుండీలోని వేళ్లు నేలలోని వేళ్లంత చలికి ఓర్చుకోలేవు గనుక, కుండీని నేలలో పాతిపెట్టడమో, వేడి లేని గరాజులో ఉంచడమో చేయాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఈ జాతిని పెంచాలనుకునేవారికి అడ్డు వచ్చేది కూడా ఈ చలి లెక్కే. అక్కడ ఎంత మంచి మట్టి కలిపినా ఆ గంటలు సమకూరవు.

ఆకుల అంచులు మాడినప్పుడు

వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి నీటి ఎద్దడి దీనికి త్వరగా తగులుతుంది. మట్టి వేలికి పొడిగా తగిలితే వారానికి అంగుళం చొప్పున నీరిచ్చి, పైన్ బెరడు ముక్కలను గానీ పైన్ ఆకులను గానీ రెండు మూడు అంగుళాల మందాన పరచాలి. మట్టి తడిగానే ఉండి అంచులు మాడితే, ఎరువు ఎక్కువై లవణాలు పేరుకొన్నాయని గానీ, నీరు నిలిచి వేరు కుళ్లుతోందని గానీ అనుమానించాలి. ఎరువు ఎక్కువైతే మంచి నీటిని ధారాళంగా పోసి కడగవచ్చు. నీరు నిలిచే చోటైతే మొక్కను ఎత్తైన మడిలోకి మార్చక తప్పదు.

శరదృతువులో ఆకులు ముదురు ఎరుపుకు తిరగడం జబ్బు కాదు, రాలే ముందు అవి అలాగే మారతాయి.

కాయ ముడుచుకుపోయినప్పుడు, పండులో పురుగు కనిపించినప్పుడు

వసంతంలో చిగుళ్లు గోధుమ రంగుకు తిరిగి వేలాడి, తరువాత కాయలు నీలం కాకుండా బూడిద కలిసిన గులాబీ రంగులో ముడుచుకొని రాలితే అది మమ్మీ బెర్రీ అనే శిలీంధ్ర తెగులు. రాలిన ఆ కాయల నుంచే మరుసటి వసంతంలో గిన్నె ఆకారపు చిన్న పుట్టగొడుగులు లేచి తెగులును మళ్లీ వ్యాపింపజేస్తాయి. కాయలను ఏరి పారవేసి, మొగ్గలు పగలకముందే నేల మీద రెండు అంగుళాల మల్చ్ (పైన్ బెరడు ముక్కల లాంటి కప్పు) పరవడం పెరటి స్థాయిలో సరిపోతుంది.

పండు మెత్తబడి, నొక్కితే రసం కారుతూ, లోపల తెల్లని సన్నని పురుగులు ఉంటే స్పాటెడ్ వింగ్ డ్రోసోఫిలా అనే ఈగను అనుమానించండి. 2008లో కాలిఫోర్నియాలో బయటపడిన ఈ ఈగ 2011లో మెయిన్‌కు చేరింది. మామూలు పండు ఈగలు కుళ్లిన పండును వెతుక్కుంటే, ఇది పండుతున్న గట్టి కాయనే రంపం లాంటి అవయవంతో చీల్చి గుడ్లు పెడుతుంది. కొన్ని పండ్లను కొద్దిగా నలిపి ఉప్పునీటిలో కాసేపు ఉంచితే పురుగులు పైకి తేలతాయి. రంధ్రం మిల్లీమీటరు కన్నా చిన్నదైన వలను, పరాగసంపర్కం ముగిసి కాయ రంగు తిరగకముందే కప్పాలి. పక్షుల బెడద కూడా దానితోనే తీరుతుంది. పండిన పండును రెండు మూడు రోజులకొకసారి కోసి, రాలినవాటిని చెట్టు కింద వదలకుండా ఏరి సంచిలో కట్టి పారవేయండి. కోసిన పండ్లను వెంటనే ఫ్రిజ్‌లో అతి చల్లని అరలో మూడు రోజులు ఉంచితే లోపలి గుడ్లు, పిల్ల పురుగులు చాలావరకు చనిపోతాయి.