అమెరికా అధ్యక్ష అభ్యర్థి, కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) అభ్యర్థులు కలిసి ప్రచారం చేయడం ఎలా?

మన దగ్గర పార్టీ బి-ఫారం ఇస్తేనే అభ్యర్థి. అమెరికాలో ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునేందుకు ఓటర్లు వేసే ఓటు) గెలిచినవాళ్లే అభ్యర్థులు, పార్టీ పెద్దలకు నచ్చకపోయినా సరే. అందుకే అధ్యక్ష అభ్యర్థి చెప్పినట్టు కాంగ్రెస్‌లోని రెండు సభలైన సెనేట్, హౌస్ అభ్యర్థులు నడుచుకోవాలన్న రూలేమీ లేదు. వీళ్లంతా రాష్ట్ర పార్టీ ఆధ్వర్యంలో సిబ్బందినీ, ఆఫీసులనూ, ఓటర్ల జాబితానూ పంచుకోవడాన్ని ‘కోఆర్డినేటెడ్ క్యాంపెయిన్’ అంటారు. దాన్ని నడిపేది బేరసారాలే.

1. ఎక్కడ కలవాలో, ఎక్కడ కలవకూడదో తేల్చుకోండి

గత ఎన్నికల్లో ప్రతి నియోజకవర్గంలో అధ్యక్ష అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయి, హౌస్ అభ్యర్థికి ఎన్ని వచ్చాయి అన్నవి పక్కపక్కన రాయండి. తేడా పెద్దగా ఉన్నచోట ఉమ్మడి సభ పెట్టకండి. 2024లో మెయిన్ రాష్ట్రం రెండో నియోజకవర్గంలో రిపబ్లికన్ ట్రంప్‌కు మెజారిటీ వచ్చింది, హౌస్ సీటు మాత్రం డెమోక్రాట్ జేర్డ్ గోల్డెన్‌దే. నెబ్రాస్కా రెండో నియోజకవర్గంలో డెమోక్రాట్ కమలా హారిస్‌కు ఆధిక్యం, హౌస్ సీటు గెలిచింది రిపబ్లికన్ డాన్ బేకన్. ఆ ఏడాది ఇలా క్రాస్ ఓటింగ్ జరిగిన హౌస్ సీట్లు 16. ఇలాంటి అభ్యర్థిని బలవంతంగా వేదిక ఎక్కిస్తే నష్టం ఆయనకే.

2. ఒప్పందం కాగితం మీద పెట్టండి

ప్రైమరీలు ముగిసిన వెంటనే కూర్చోవాలి. ఆఫీసు అద్దె, ఫీల్డ్ సిబ్బంది జీతాల్లో ఎవరి వాటా ఎంత, ఇంటింటి ప్రచారంలో సేకరించిన సమాచారం ఎన్నికల తర్వాత ఎవరి దగ్గర ఉంటుంది, అధ్యక్ష అభ్యర్థి పర్యటన తేదీలు ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి రాసుకోవాలి.

అసలు గొడవ వచ్చేది ఏ వీధికి వెళ్లాలన్న దగ్గర. రాష్ట్రంలో ఏ మూల పడిన ఓటైనా అధ్యక్ష అభ్యర్థికీ సెనేట్ అభ్యర్థికీ సాధారణంగా పనికొస్తుంది, హౌస్ అభ్యర్థికి నియోజకవర్గం గీత దాటితే ఒక్క ఓటూ ఉపయోగపడదు. వాలంటీర్లు పెద్ద నగరాల్లోనే తిరుగుతుంటే, గట్టి పోటీ ఉన్న శివారు హౌస్ సీటు గాలికి పోతుంది. అందుకే ఏ వారం ఎన్ని తలుపులు ఏ నియోజకవర్గంలో తట్టాలో అంకెల్లో రాయించుకోండి. ఇంటి దగ్గర చెప్పే మాటల్లో హౌస్ అభ్యర్థి పేరు రెండో వాక్యంలోపు రావాలి. చివర పెడితే ఆ పేరు వినేలోపే తలుపు మూసేస్తారు.

న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో హౌస్ పోటీలు గట్టిగా ఉన్నా అవి అధ్యక్ష పదవికి స్వింగ్ రాష్ట్రాలు (ఎటైనా మొగ్గే రాష్ట్రాలు) కావు. అక్కడ అధ్యక్ష ప్రచారం నుంచి డబ్బు ఆశించకండి.

3. డబ్బు దారి తప్పనివ్వకండి

అభ్యర్థి కమిటీ తన పార్టీకి ఎంతైనా బదిలీ చేయవచ్చు. మరో ఫెడరల్ (అధ్యక్ష, సెనేట్, హౌస్) అభ్యర్థికి మాత్రం ఒక్కో ఎన్నికకు 2,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు. కాబట్టి సహాయం పార్టీ ద్వారానే వెళ్లాలి. అభ్యర్థితో మాట్లాడుకుని పార్టీ పెట్టే ఖర్చుకూ 2024లో పరిమితి ఉంది: అధ్యక్ష అభ్యర్థికి సుమారు 3.24 కోట్ల డాలర్లు, హౌస్ అభ్యర్థికి 61,800 (ఒకే హౌస్ సీటున్న రాష్ట్రాల్లో 1,23,600), సెనేట్‌కు జనాభాను బట్టి 1,23,600 నుంచి 37.7 లక్షల దాకా. ఈ పరిమితిని సవాలు చేసిన కేసును సుప్రీంకోర్టు 2025లో విచారణకు తీసుకుంది. ఖర్చు పెట్టేముందు ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ తాజా పట్టిక చూడాల్సిందే.

ఇద్దరికీ కలిపి వేసిన టీవీ ప్రకటన ఖర్చును సమయాన్ని బట్టి, కరపత్రం ఖర్చును అందులో వాడిన స్థలాన్ని బట్టి పంచాలి. చౌకైన మార్గం ఒకటుంది. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది అభ్యర్థుల పేర్లతో రాష్ట్ర, స్థానిక పార్టీలు ముద్రించే నమూనా బ్యాలెట్‌కు ఈ పరిమితులు వర్తించవు. దాన్ని టీవీ, రేడియో, పత్రికా ప్రకటనగా వాడకూడదు.

ఉమ్మడి విందుతో విరాళాలు సేకరిస్తే రాతపూర్వక ఒప్పందం, వేరే బ్యాంకు ఖాతా, వాటాల లెక్క ముందే ఉండాలి. మన తెలుగువాళ్ల విందుల్లో తరచూ తలెత్తే చిక్కు: గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు విరాళం ఇవ్వవచ్చు, హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు ఒక్క డాలరూ ఇవ్వకూడదు. బావగారి పేరు మీద చెక్కు రాయించి తర్వాత డబ్బు సర్దడం ఇంకా పెద్ద నేరం. ఆ వీసాల మీద ఉన్నవాళ్లు జీతం లేకుండా వాలంటీర్‌గా పనిచేయవచ్చు, ఖర్చు నిర్ణయాల్లో మాత్రం తలదూర్చకూడదు.

4. ఉమ్మడి మాట రెండు మూడు అంశాలకే పరిమితం చేయండి

ఆ కొద్ది అంశాల మీదైనా అందరూ కలిసి కనిపించాలి. 1980 సెప్టెంబరులో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రీగన్ తన పార్టీ కాంగ్రెస్ అభ్యర్థులతో కలిసి క్యాపిటల్ (కాంగ్రెస్ భవనం) మెట్ల మీద నిలబడ్డారు. ఆ నవంబరులో రిపబ్లికన్లకు సెనేట్‌లో 12 స్థానాలు పెరిగాయి. 1972లో నిక్సన్ పార్టీతో సంబంధం లేని సొంత కమిటీతో ప్రచారం చేసి 49 రాష్ట్రాలు గెలిచారు, ఆయన పార్టీకి సెనేట్‌లో రెండు స్థానాలు తగ్గాయి. ఫొటో ఒక్కటే ఓట్లు తెచ్చిందనలేం గానీ, సొంత గెలుపు చాలనుకునేవాడి వెనక పార్టీ నడవదు.

5. విడిపోయే దారి కూడా ముందే ఆలోచించండి

అధ్యక్ష అభ్యర్థి ఓటమి ఖాయమనిపిస్తే కాంగ్రెస్ అభ్యర్థులు పక్కకు జరుగుతారు. 1996లో రిపబ్లికన్లు తమ అధ్యక్ష అభ్యర్థి డోల్‌ను వదిలేసి, డెమోక్రాట్ క్లింటన్‌కు అదుపు లేకుండా అధికారం ఇవ్వవద్దని ప్రకటనలు ఇచ్చారు, హౌస్ నిలబెట్టుకున్నారు. అలాంటప్పుడు ప్రకటనల సొమ్మే మళ్లించండి, ఇంటింటి ప్రచారం ఆపకండి. అధ్యక్షుడి కోసం వచ్చిన ఓటరే కింది పేర్లకూ ఓటు వేయాలి.

6. చివరి వారం బ్యాలెట్ అడుగుదాకా నడిపించండి

మిషిగన్‌లో ఒక్క గుర్తుతో పార్టీ మొత్తానికి ఓటు వేసే వీలుంది. టెక్సస్ 2020 నుంచి దాన్ని తీసేసింది. అక్కడ ఓటర్లు పైపేరుకు వేసి ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకని ప్రతి పేరు పక్కన గుర్తు పెట్టిన నమూనా బ్యాలెట్ చేతికివ్వండి.