నోరా జేబులోని పొట్లం: వివాదం రేపిన నాటకాన్ని మనోవిశ్లేషణతో ఎలా చదవాలి?

నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం 'ఎ డాల్స్ హౌస్' 1879 డిసెంబరులో కోపెన్‌హాగన్‌లో మొదటిసారి ఆడినప్పుడు పెద్ద దుమారమే రేగింది. నోరా భర్తనీ ముగ్గురు పిల్లల్నీ వదిలి వెళ్లిపోవడం తప్పా ఒప్పా అన్నదే గొడవ. మనుషుల మనసులో దాగినదాన్ని వెతికే మనోవిశ్లేషణ విమర్శ తీర్పు జోలికి పోదు. వీళ్లు ఏం దాచుకుంటున్నారు, ఎవరి దగ్గర దాస్తున్నారు, అది ఎక్కడ బయటపడుతోంది అని అడుగుతుంది.

ముందు నాటకాన్ని రెండుసార్లు చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చిన్న విషయాల కిందే గీత పెట్టండి. నోరా క్రిస్మస్ సామాన్లతో ఇంటికొస్తుంది. జేబులోంచి మకరూన్లు (బాదంతో చేసే తీపి బిస్కెట్లు) తీసి ఒకటి రెండు తింటుంది, పొట్లం మళ్లీ జేబులో దోపి మూతి తుడుచుకుంటుంది. ఆ తర్వాతే భర్తని పిలుస్తుంది. పళ్లు పాడవుతాయని ఆయన తినొద్దన్నాడు. పెళ్లయి ఎనిమిదేళ్లయిన మనిషి చిరుతిండి చాటుగా తింటోందంటే, ఆ ఇంట్లో ఆమె భార్యా, కూతురా?

ఇప్పుడు పెద్ద రహస్యానికి రండి. జబ్బుపడ్డ భర్తని ఇటలీ తీసుకెళ్లి బతికించుకోడానికి ఆమె అప్పు చేసింది. హామీగా తండ్రి సంతకం తనే పెట్టేసింది. తండ్రి పోయింది సెప్టెంబరు 29న, సంతకం పక్కన తేదీ అక్టోబరు 2. కంగారులో చేసిన పొరపాటని దాటేయకండి. ఇలాంటి తప్పుల వెనక అణచుకున్నదేదో ఉంటుందన్నాడు మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్. నాకైతే నోరా మనసులో తండ్రి ఇంకా పోలేదనిపిస్తుంది, ఆయన కుర్చీలో భర్త కూర్చున్నాడు. ఇలా ఊహించినప్పుడల్లా నాటకంలోంచి సాక్ష్యం చూపాలి. ఇక్కడ ఉంది: నాన్న చేతుల్లోంచి మీ చేతుల్లోకి వచ్చానని చివరి అంకంలో నోరాయే అంటుంది.

చాలామంది ఆడమనిషి మనసు తవ్వి ఆగిపోతారు. ఆమె భర్త హెల్మర్‌నీ అంతే శ్రద్ధగా చదవండి. నోరాకి అప్పిచ్చిన క్రోగ్‌స్టాడ్‌కి బ్యాంకులో ఉన్న ఉద్యోగం తీసేయడానికి ఆయన చెప్పే అసలు కారణం వినండి. పాత తప్పుల్ని క్షమించేవాడినేమో గానీ, ఆ చిన్ననాటి స్నేహితుడు నలుగురి ముందు చనువుగా ఏకవచనంలో పిలవడం భరించలేనంటాడు. 'నువ్వు' అన్న మాట ఎంత గుచ్చుతుందో మనకి చెప్పక్కర్లేదు. ఒక్క పిలుపుకి కూలిపోయే పెద్దరికం అది. ఆ దొంగ సంతకం సంగతి క్రోగ్‌స్టాడ్ బయటపెట్టే ప్రమాదం తప్పాక కూడా 'నేను బతికిపోయాను' అనే అరుస్తాడు. 'మరి నేను?' అని నోరా అడగాల్సి వస్తుంది.

తర్వాత ప్రేక్షకుల వైపు తిరగండి. నేనైతే పిల్లల్ని వదలనంటూ ఒక జర్మన్ నటి ఆ ముగింపు ఆడనంది. 1880లో ఇబ్సెన్ ఇష్టం లేకుండానే వేరే ముగింపు రాసిచ్చాడు. అందులో నోరా పిల్లల గది గుమ్మం దగ్గర కుప్పకూలుతుంది, వెళ్లదు. జనం ఏ భయాన్ని దాచుకోడానికి ఆ మార్పు అడిగారు? చదువుతూ మీకెక్కడ చిరాకేసిందో అదీ రాసుకోండి.

నోరాకి మాత్రం ఏ జబ్బు పేరూ తగిలించకండి. ఈ కథకి ఆధారమైన లారా కీలర్ కూడా భర్త వైద్యం కోసమే అప్పుచేసి ఫోర్జరీ దాకా వెళ్లింది. సంగతి తెలిశాక ఆ భర్తే ఆమెని పిచ్చాసుపత్రిలో పెట్టించాడు.

ఇక వ్యాసం మకరూన్ల పొట్లంతో మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి సంతకానికి, తండ్రికి, హెల్మర్‌కి దారి దానంతటదే దొరుకుతుంది. ఈడిపస్ కాంప్లెక్స్ (తల్లి మీదో తండ్రి మీదో బిడ్డ మనసులో దాగి ఉండే ఆకర్షణకి ఫ్రాయిడ్ పెట్టిన పేరు) లాంటి మాట వాడాలనిపిస్తే ఆ తండ్రి దగ్గర ఒక్కసారి వాడండి.