టీషర్టుపై చెక్క అచ్చు వేసే ముందు

▢ కొత్త టీషర్టును సబ్బుతో ఉతికి, ఆరబెట్టి ఇస్త్రీ చేశారా? కొత్త బట్టలో గంజి ఉంటే రంగు సరిగ్గా పట్టదు. కాటన్‌దైతే మేలు. ఉతికేటప్పుడు బట్టను మెత్తబరిచే కంఫర్ట్ లాంటివి వాడొద్దు.

▢ లోపల అట్టముక్క పెట్టారా? లేకపోతే రంగు వీపు వైపుకీ దిగుతుంది.

▢ బల్ల మెత్తగా ఉందా? పెడన కలంకారీ అద్దకం బల్లల మీద గోనె, దుప్పటి పొరలు పరిచి ఉంటాయి. ఉత్త బల్ల మీద అచ్చు అంచులే పడతాయి, మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఇంట్లో పాత దుప్పటిని నాలుగు మడతలు వేస్తే చాలు.

▢ టీషర్టును లాగి పిన్నులు గుచ్చకండి. అల్లిక బట్ట సాగుతుంది, వదిలాక పువ్వు కాస్తా ముడుచుకుపోతుంది. ఇది మాత్రం మరీ మరీ చూసుకోండి.

▢ అచ్చు గాడుల్లో పాత రంగు ఎండిపోయి ఉంటే మెత్తని బ్రష్‌తో తీయండి. నీళ్లలో నానబెట్టొద్దు, మంచి టేకు అచ్చైనా వంగిపోవచ్చు. పేరు అద్దాలంటే అక్షరాలు తిరగేసి చెక్కి ఉండాలి.

▢ రంగు బట్టలకు వాడేదేనా? అద్దిన రంగు నిలవడానికి ఎంత వేడితో ఇస్త్రీ చేయాలో డబ్బా మీద ముందే చదవండి.

▢ పాత గుడ్డ మీద నాలుగైదు అచ్చులు వేసి చూశాకే టీషర్టు ముట్టుకోండి.