కథానాయికను రాయడం – 4వ పాఠం: మలుపు తిప్పింది ఎవరు?

పోయిన పాఠం చివర "మీ కథానాయికకు ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి" అన్నాను. వచ్చినవాటిలో ఎక్కువ ఇవే: "ఆమెకు గౌరవం కావాలి", "తన కాళ్ల మీద తను నిలబడాలి", "స్వేచ్ఛగా బతకాలి". కావాలి, కాదనను. అయితే ఆ గౌరవం దొరికిన రోజు కెమెరా దేని మీద పెట్టాలి? కథ వింటూ దర్శకుడు ఈ మాట అడిగాడంటే మీ నేరేషన్ అక్కడితో సరి. ఈసారి ఫ్లాష్‌బ్యాక్ గురించి చెబుతానన్నాను కానీ, ఇది తేలకుండా ముందుకెళ్లి లాభం లేదు.

కావలసింది కంటికి కనపడాలి. దానికో గడువుండాలి. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో మేరీకి కావలసింది జీతం. ఆమె తండ్రి డేవిడ్ అనే అతని దగ్గర అప్పు చేశాడు. ఆ డేవిడేమో ఈమెను పెళ్లాడాలని కూర్చున్నాడు. ఉద్యోగం దొరుకుతుంది, కాకపోతే భార్యాభర్తలకే ఇస్తారట. క్రైస్తవ అమ్మాయి ఓ హిందువుకి భార్యగా నటించడానికి ఒప్పుకుంటుంది. అలా ఒప్పుకుంది కాబట్టే ఆ తర్వాత సినిమా అంతా చిరాకు పడే హక్కు ఆమెకు వచ్చింది. మేరీగా సావిత్రి మొహం చిటపటలాడుతుంటే మనకు ముచ్చటేస్తుంది. ఆ అమ్మాయి ఎంత మంచిదో నిరూపించాలన్న తాపత్రయం ఆ సినిమా రాసిన చక్రపాణికి లేదు. మీకు ఉంది, అది వదిలించుకోండి.

ఈ పాఠమంతా వాడుకోవడానికి ఒక కథ అల్లుతాను. కుషాయిగూడలో సువర్ణ. భర్త గల్లీలో చిట్టీలు నడిపేవాడు. ఒకరోజు ఫోన్ స్విచాఫ్. ఇంట్లో మిగిలింది చిట్టీ పుస్తకం, వాకిట్లో జనం. వాళ్లలో యాదమ్మకు లక్షన్నర రావాలి, శ్రావణంలో కూతురి పెళ్లి. కాబట్టి మన వాక్యం: శ్రావణం లోపు యాదమ్మ డబ్బు యాదమ్మకు చేర్చాలి. 

ఇక్కడిదాకా మీరూ బాగానే రాస్తారు. గొడవంతా దీని తర్వాతే. ఇలా కథానాయిక ఇరుక్కోగానే మీరు ఎవరో ఒకర్ని దించుతారు. కరీంనగర్ నుంచి అన్నయ్య డబ్బు సంచితో దిగుతాడు. లేదంటే మంచి సీఐ గారు. లేదంటే "నేనున్నానమ్మా" అనే ఆఫీసు సారు. లేదంటే పాత డైరీలో అడ్రసు రాసిపెట్టుకున్న రిటైర్డ్ మాస్టారు. కాస్త తెలివైనవాళ్లు లాయరమ్మను దించి, చూడండి ఈమె కూడా ఆడమనిషే కదా అంటారు. సినిమా అవకాశాల కోసం తిరిగేవాళ్లు చేరే హైదరాబాద్ కృష్ణానగర్‌లో, టీ కొట్ల దగ్గర రోజూ ఇలాంటి అన్నయ్యలు ఎంతమంది దిగుతుంటారో! దిగింది ఎవరైనా జబ్బు ఒకటే: కథ మలుపు తిరిగే చోట సువర్ణ పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది. ఆ లోటు మీకూ తెలుస్తుంది కాబట్టి వెంటనే ఆమెకు పేజీన్నర డైలాగు రాసిస్తారు, "ఆడదంటే..." అంటూ. నిర్ణయం తీసుకోనివ్వనందుకు రచయిత కట్టే జరిమానా ఆ డైలాగు. చెంపదెబ్బ కూడా అంతే. ఎంట్రీలో బస్టాపు దగ్గర పోకిరీని కొడుతుంది, ఇక ఇంటర్వెల్ దాకా ఆమెకు పనుండదు. పోలీసు కథలు రాస్తున్నవాళ్లకు ఒక మాట. 1990 నాటి ‘కర్తవ్యం’ విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. అందులోంచి మీరు యూనిఫాం ఒక్కటే తెచ్చుకుంటే, మీ ఏఎస్పీ పై ఆఫీసరు ఫోన్ కోసం కూర్చునే ఉంటుంది.

అయితే ఆమెకు ఎవరూ సాయం చేయకూడదా? చేయొచ్చు. ఆమె అడిగితే వచ్చిందా, దానికి ఆమె ఏం వదులుకుంది, అది చూసుకోండి. అన్నయ్య డబ్బు తెచ్చాడు, కానీ నాన్న ఇంట్లో నీ వాటా రాసిచ్చెయ్ అన్నాడు. ఇప్పుడు అన్నయ్య పనికొచ్చాడు, సంతకం పెట్టాలో వద్దో సువర్ణ తేల్చుకోవాలి కదా.

నేనైతే అన్నయ్యను పిలవనే పిలవను. చిట్టీలోనే దారుంది. చిట్టీ మునిగితే నష్టం ఇంకా ఎత్తుకోనివాళ్లకు. ముందే ఎత్తుకున్నవాళ్లకు మిగిలిన కిస్తులు కలిసొస్తాయి, అందుకే వాళ్లు నోరు మెదపరు. సువర్ణ పుస్తకం తిరగేస్తే మొదటి చిట్టీ ఎత్తినామె భర్త అక్కే. ఆ డబ్బుతో మేడ మీద గది వేయించింది. సువర్ణ, పిల్లాడు ఇప్పుడు తలదాచుకుంటున్నది ఆ గదిలోనే. అడిగితే నీడ పోతుంది, అడక్కపోతే యాదమ్మ కూతురి పెళ్లి ఆగుతుంది.

సీన్ ఇలా రాస్తాను. సువర్ణ పుస్తకం తెరిచి వదిన ముందు పెడుతుంది.

"ఇంకా తొమ్మిది కిస్తులున్నయ్ వదినా."

"తమ్ముడొచ్చినంక చూద్దాం తియ్."

సువర్ణ కొంగు ముడి విప్పి, గది తాళంచెవి తీసి పుస్తకం మీద పెడుతుంది.

"ఎల్లుండి గది ఖాళీ చేస్త. కిస్తు మాత్రం ఈ నెల నుంచే కట్టాలె."

అంతే. కట్.

2004లో శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ ఈ పని చీరతో చేసింది. రూపకు తల్లి చీరతో పెళ్లి పీటల మీద కూర్చోవాలని ఉంది. అత్తగారు కాదంటుంది, పెళ్లికొడుకు నోరు విప్పడు, రూప పెళ్లే వద్దంటుంది. ఆనంద్ ఆమెకు దగ్గరయ్యేది ఆ తర్వాతే.

బెక్‌డెల్ పరీక్ష పాసైతే చాలదా అని ఒకరు అడిగారు. 1985లో ఆలిసన్ బెక్‌డెల్ అనే అమెరికన్ కార్టూనిస్టు గీసిన స్ట్రిప్‌లోది అది. ఇద్దరు ఆడవాళ్లుండాలి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, అదీ మగవాడి గురించి కాకుండా. మన డైలీ సీరియళ్లు కళ్లు మూసుకుని పాసవుతాయి. అత్తా తోటికోడళ్లూ బీరువా తాళాల గురించి వారమంతా మాట్లాడుకోగలరు.

సీరియల్ అంటే గుర్తొచ్చింది. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో ఎపిసోడ్, ప్రతిదాని చివరా ఒక ఫ్రీజ్, అంటే బొమ్మ కదలకుండా ఆగిపోయే షాట్. ఆ ఫ్రీజ్ ఆమె చేసినదాని మీద పడుతోందా, తలుపు చాటున విన్నదాని మీద పడుతోందా? వారానికి రెండైనా చేసినదాని మీద పడేలా చూడండి. ఛానల్ వాళ్లు ఒప్పుకోరని భయపడకండి, తాళంచెవి షాట్ మీద ఫ్రీజ్ వేస్తే ఎవరూ కాదనరు.

ఇక అభ్యాసం. మీ కథ వన్ లైన్ ఆర్డర్, అంటే సీనుకో వాక్యం చొప్పున వరసగా రాసిన జాబితా మొత్తం, అరవై సీన్లుంటే అరవై, చేత్తో రాయండి. ల్యాప్‌టాప్ వద్దు, కాపీ పేస్టు చేస్తారు. ప్రతి సీన్ పక్కన, దాన్ని మలుపు తిప్పిన మనిషి పేరులో మొదటి అక్షరం ఎర్ర పెన్నుతో వేయండి. వరసగా నాలుగు సీన్లలో ఆమె అక్షరం లేకపోతే ఆ నాలుగూ కొట్టేసి మళ్లీ రాయాలి. ఇంటర్వెల్‌కీ, క్లైమాక్స్‌కీ పక్కన ఆమె అక్షరమే ఉండాలి, ఇందులో బేరాల్లేవు.

అది అయ్యాక ఒక సీన్. సువర్ణ గది ఖాళీ చేసిన సాయంత్రం యాదమ్మ ఎదురుపడింది. డైలాగులు మూడు లైన్లు దాటకూడదు. యాదమ్మ చేత థ్యాంక్స్ చెప్పించిన సీన్లు నాకు పంపొద్దు.