నెల్లూరులో పాత ట్రాన్సిస్టర్ రేడియోకి విజయవాడ స్టేషన్ పట్టాలంటే

ముందు సెల్స్ పెట్టే చోట స్ప్రింగులు చూడండి. పచ్చగా చిలుము పట్టుంటే సన్న గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. చాలా సెట్లు అక్కడే బాగుపడతాయి. వాల్యూమ్ తిప్పితే బరబరమంటుంటే కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు అతుకులు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి పదిహేను ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాలి. కొబ్బరినూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టేస్తుంది.

ఈ స్టేషన్లు వచ్చే మీడియం వేవ్‌ని పట్టేది బయటి ఏరియల్ కాదు, లోపల తీగ చుట్టిన నల్లటి ఫెరైట్ కడ్డీ. దాని మొన స్టేషన్ వైపుంటే గొంతు చచ్చిపోతుంది, అడ్డంగా ఉండాలి. నెల్లూరు, కావలి వాళ్లకి విజయవాడ (837 కిలోహెర్ట్జ్) ఉత్తరాన, మద్రాసు (720) దక్షిణాన. అందుకే కడ్డీ తూర్పు పడమరలుగా ఉండేలా సెట్టుని పెట్టండి, రెండూ వస్తాయి. హైదరాబాద్ (738) మీద మద్రాసు ఎక్కి కూర్చుంటే మాత్రం ఎటు తిప్పినా పెద్దగా లాభం లేదు, మ్యాపులో చూస్తే ఆ రెండు ఊళ్లూ నెల్లూరుకి అటూ ఇటూ దాదాపు ఒకే గీత మీదున్నాయి. గుయ్‌మంటుంటే ఎల్‌ఈడీ బల్బులు ఆపి చూడండి.